పని పోయినవాని మందు చీటి

పోయిన కార్తికమున పిల్లిపెసర విత్తనము పంచుటకై మేమొక గ్రామమునకుఁ బోయియుంటిమి. అచ్చటి రైతొకఁడు కోఁతకు రాని వరిని పైరుమీఁదనే వ్యాపారికి అమ్ముచుండెను. కారణమడిగితిమి. పట్టణములో నాలుగేండ్లుగా మిల్లుపని చేయుచున్న కుమారునకు ఆగస్టు నెలాఖరున పని పోయినదఁట. వానికి మధుమేహము, రెండు నెలలకు పైగా మాత్రలన్నియు అంగడిలోనే కొనుచున్నారు. ఇ.ఎస్.ఐ. కార్డు లేదా యంటిమి. పనితోడనే కార్డును పోయినదని మిల్లు గుమాస్తా చెప్పగా, దానిని దూలమున చెక్కియుంచిరి.

ఆ మాట తప్పు. 1948 నాఁటి చట్టముచే నేర్పడి, 1952లో కాన్పూరు, ఢిల్లీలయందు ఆరంభమైన యీ భీమాకు కార్మికుఁడును యజమానియు చందా చెల్లింతురు. 2019 జూలై మొదలు నూటికి ముప్పావు రూపాయి కార్మికునిది, మూఁడుంబావు యజమానిది. కావున నిది భిక్ష కాదు. ఏప్రిల్ 1 మొదలు సెప్టెంబరు 30 లోపల 78 దినములకు చందా చెల్లియున్నచో, మరుసటి సంవత్సరము జనవరి 1 నుండి జూన్ 30 వఱకు వైద్యమునకు హక్కు గలదు. అక్టోబరు మొదలు మార్చి వఱకు కట్టినదానికి జూలై నుండి డిసెంబరు వఱకు. నడుమ పని పోయినను ఆ హక్కు పోదు. భార్యాబిడ్డలకును మందు దొరకును. ఆ రైతు కుమారుఁడు ఏప్రిల్ నుండి ఎడతెగక పనిచేసెను గనుక, పై జూన్ 30 వఱకు వానికి ఒక్క మాత్రయు కొనవలసిన పని లేదు.

ఇంత సులభమైన లెక్కను రైతు బిడ్డకు ఎవ్వరును చెప్పకపోవుట మాకు వింతగా నున్నది. పనినుండి తొలగించునపుడు మీ వైద్యము ఫలానా తేదీవఱకని యొక కాగితము వ్రాసి యిచ్చుట యజమానికి భారమా? నెల పని, నెల ఖాళీగా గుత్తేదారుల క్రింద నుండువారికి 78 దినములు నిండుటయే కష్టము. వారిని అంగడి పాలు చేయు నిబంధనను మేము న్యాయమని యొప్పుకొనఁజాలము.

మన సంఘ కార్యదర్శులు మందులకై యప్పడుగువారిని, ఇంట నెవరైన మిల్లుపని చేసిరా, కార్డున్నదా, ఏ నెలవఱకు చందా కట్టిరి అని ముందుగా విచారింపవలయును. పిదపనే యప్పు మాట.

ఆ రైతు కార్డును దింపి, బూజు తుడిచి, కుమారుని చేతికిచ్చెను. వరికి మాత్రము అంతకు ముందు దినమే బయానా పుచ్చుకొనియుండెను.