వరుసలో తప్పించుకున్న మూడోవాడు

బడి ఆవరణలో ఐదుగురు పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఉపాధ్యాయుడు చేతిలోని పుస్తకం నుంచి తల ఎత్తకుండా, ఒకటి, రెండు అని లెక్కిస్తూ, జ్వరం ఉన్నవారిని ఇంటికి పంపుతున్నాడు. రెండోవాడు వెళ్ళగానే మూడోవాడు అడుగు ముందుకు జరిగి ఆ ఖాళీని పూరించాడు. ఉపాధ్యాయుడు మూడో స్థానానికి వెళ్ళాడు. అక్కడున్నవాడు నిజానికి నాలుగోవాడు. జ్వరంతో వణుకుతున్న మూడోవాడిని ఎవరూ పరీక్షించనే లేదు.

కళ్ళు తెరుచుకున్న మనిషి ఈ పొరపాటు చేయడు. కంప్యూటరు చేస్తుంది. ఆటలు రూపొందించడం కొత్తగా నేర్చేవారికి ఇది తరచు ఎదురయ్యే చిక్కు.

ఆటల రంగంలో విశేషంగా వ్యాప్తి పొందిన భాష ‘లువా’. 1993లో బ్రెజిల్ దేశపు రియో డి జనీరోలోని కేథలిక్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు పండితులు దీనిని రూపొందించారు. పోర్చుగీసులో ఆ మాటకు చంద్రుడని అర్థం. అంతకు ముందు అక్కడే పుట్టిన ‘సోల్’ అనే చిన్న భాష పేరుకు సూర్యుడని అర్థం. విచిత్రమేమంటే, లువా పుట్టింది వినోదం కోసం కాదు, పెట్రోబ్రాస్ అనే చమురు సంస్థ ఇంజనీర్ల అవసరాల కోసం. 1998లో ‘గ్రిమ్ ఫాండాంగో’, 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆటలు దానిని అందిపుచ్చుకున్నాయి.

ఆటలోని శత్రువులు, బాణాలు, నాణేలు సాధారణంగా పట్టికల్లో నమోదై ఉంటాయి. ఒక్కొక్కదానినీ పలకరిస్తూ పట్టిక చివరిదాకా నడిపించే ఆదేశమే లూప్. తెరపై దృశ్యం సెకనుకు 60 సార్లు మారే ఆటలో ఈ నడక కూడా అన్నిసార్లూ సాగవచ్చు. లువా పట్టికల్లో వరుస, లోకవ్యవహారంలో వలెనే, 1తో మొదలవుతుంది. 0తో మొదలయ్యే భాషలకు అలవాటుపడినవారు దీనిపై విసుక్కుంటారు గాని, సామాన్యుడికి ఇదే సహజం.

ఐదుగురు శత్రువుల్లో 2, 3 స్థానాల్లోని ఇద్దరి బలం ఒకేసారి సున్నాకు పడిపోయిందనుకోండి. 1 నుంచి 5 దాకా నడుస్తూ, బలం లేనివారిని తొలగించాలని ఆదేశం. రెండోవాడు తొలగగానే మూడోవాడు 2లోకి, నాలుగోవాడు 3లోకి జరుగుతారు. లూప్ మాత్రం నిశ్చింతగా 3కు సాగిపోతుంది. చావవలసినవాడు బతికి బయటపడతాడు. అంతటితో పోదు. 5 దాకా వెళ్ళాలన్న హద్దు ఆరంభంలోనే నిర్ణయమైపోయింది; ఇప్పుడు 5లో ఎవరూ లేరు. లేనివాడి బలమెంతని అడిగేసరికి ఆ పని అక్కడే నిలిచిపోతుంది.

నిజానికి ఇలా ఆగిపోవడమే మేలు. ‘ఐపెయిర్స్’ అనే మరో పద్ధతిలో నడిస్తే, ఖాళీ తగలగానే లూప్ మారు మాటాడక ముగుస్తుంది. తప్పు జరిగిన జాడే ఉండదు. పైగా పక్కపక్కన ఉన్న ఇద్దరూ ఒకే క్షణంలో కూలితేనే ఈ లోపం బయటపడుతుంది. ఒక్కొక్క శత్రువునే కొట్టి పరీక్షించిన రచయితకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ఇందుకు విరుగుడు వెనుక నుంచి నడవడం: 5, 4, 3, 2, 1. మూడోవాడు తొలగితే జరిగేది 4, 5 స్థానాలవారే. వారి పరీక్ష అప్పటికే పూర్తయింది. రెండోవాడు తన చోటనే దొరుకుతాడు.

పెద్ద పట్టికల్లో ఇదీ శ్రమే. వెయ్యిమందిలో మొదటివాడిని తీసివేస్తే మిగిలిన 999 మందీ ఒక్కొక్క స్థానం జరగాలి. అటువంటి చోట అనుభవజ్ఞులు ఎవరినీ తొలగించరు. బతికున్నవారితో కొత్త పట్టిక కూర్చుకుని, పాతదానిని వదిలివేస్తారు.