మంచుకొండ బొమ్మలో కులం ఎక్కడ?

క్రాస్ కల్చరల్ ట్రైనింగ్ అంటూ ఐటీ కంపెనీల్లో, మేనేజ్‌మెంట్ కోర్సుల్లో ఒక మంచుకొండ బొమ్మ చూపిస్తారు. ఎడ్వర్డ్ హాల్ పేరు మీద చలామణిలో ఉన్న పోలిక అది. తిండి, బట్ట, పండుగ నీటిపైన. విలువలు, నమ్మకాలు, ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించే నియమాలు నీటికింద. పరాయి దేశస్థులతో పనిచేయాలంటే ఆ కింది భాగం తెలియాలంటారు. సరే. మరి ఇండియా వంతు వచ్చేసరికి అక్కడ రాసేదేమిటి? పెద్దలంటే గౌరవం, కుటుంబ బంధాలు, కాదని చెప్పలేని మొహమాటం. కులం మాట అరుదు.

ఐబీఎం ఉద్యోగుల సర్వేలతో మొదలైన హాఫ్‌స్టెడ్ సూచీలో ‘అధికార దూరం’ కింద ఇండియాకు 77 మార్కులు. ఆ దూరం ఎవరికీ ఎవరికీ మధ్యో అంకె చెప్పదు. మీటింగులో నోరు విప్పని ఇంజినీరును చూసి అమెరికన్ మేనేజరు ‘వీళ్లకు పైవాళ్లంటే గౌరవం’ అనుకుంటాడు. అది గౌరవమో, ‘రిజర్వేషన్ సీటువాడు’ అన్న గుసగుస ఇక్కడా మొదలవుతుందన్న భయమో ఆయనకెవరు చెప్పాలి?

అసలు దాగి ఉన్నది ఎవరికి? డల్లాస్‌లో కొత్తగా చేరిన తెలుగు కుర్రాణ్ణి తోటి తెలుగువాళ్లు అడుగుతారు: “మీ ఇంటిపేరేంటండీ? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?” మూడో జవాబుతో లెక్క తేలిపోతుంది. పక్క సీటు అమెరికన్‌కు అదంతా ఊరి ముచ్చట. అడిగినవాడికీ చెప్పినవాడికీ మాత్రం అందులో రహస్యమేమీ లేదు.

సిస్కోలో ఒక దళిత ఇంజినీరుపై వివక్ష జరిగిందంటూ కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం 2020లో కేసు వేసింది. కులవివక్ష చట్టవిరుద్ధం కాదని కంపెనీ హెచ్ఆర్ ఆయనకు చెప్పిందన్నది ఫిర్యాదులోని మాట. కంపెనీ ఆరోపణలను ఖండించింది. ఇద్దరు మేనేజర్లపై కేసును 2023లో ఆ విభాగమే ఉపసంహరించుకుంది. అదే ఏడాది సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించింది, కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లునే వీటో చేశాడు. కులం పేరెత్తితే హిందువులందరినీ దోషులను చేసినట్టేనని బిల్లు వ్యతిరేకుల వాదన. జాతివివక్ష చట్టం తెల్లవాళ్లందరినీ దోషులను చేసిందా?

అమెరికాకు తెలియదనీ అనలేం. 1916లోనే కొలంబియా యూనివర్సిటీ మానవశాస్త్ర సెమినార్‌లో బాబాసాహెబ్ కులం గురించి పత్రం చదివారు. అదే దేశంలో ఇండియా గురించి ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకు ఇంకా ఆ పదం దొరకడం లేదు. క్లాసులో ఆ స్లైడ్ వచ్చిన రోజున విద్యార్థులు ఆ పదం ఎక్కడని అడగాలి, పాఠం తయారుచేసిందెవరో కూడా అడగాలి.