టాక్సాపెక్స్ బలం దెబ్బ కాయడంలో లేదు, తప్పుకోవడంలో ఉంది

పోకెమాన్ పోటీ ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు చూసేది అటాక్ నంబరే. ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ చూసినట్టు. నాలుగు రోజులు ఆడాక ఎవరో ఒకరి టాక్సాపెక్స్ ఎదురవుతుంది. ఎంత కొట్టినా చావదు. చిరాకు పుట్టి, "ఇదేదో బాగుందే" అని మనమూ అదే పోకెమాన్‌ని టీమ్‌లో పెట్టుకుంటాం. అప్పుడు ఇంకో విచిత్రం జరుగుతుంది. ఎదుటివాడి చేతిలో చావని జీవి మన చేతిలో ఏడెనిమిది టర్న్‌ల్లో చచ్చిపోతుంది.

ఎందుకలా? నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పేస్తాను. టాక్సాపెక్స్‌ని చాలామంది గోడలా నిలబెడతారు. కానీ అది నిలబడటం కోసం చేసిన జీవి కాదు, సరైన టైమ్‌లో తప్పుకోవడం కోసం చేసిన జీవి. ఈ తేడా తెలియకపోతే దాని స్టాట్స్ ఎంత పెద్దవైనా ఉపయోగం లేదు.

ముందుగా ఒక క్లారిటీ. నేను మాట్లాడేది పోకెమాన్ షోడౌన్‌లో ఆడే ఆరుగురు వర్సెస్ ఆరుగురు సింగిల్స్ గురించి, అందులోనూ స్మోగన్ రూల్స్‌తో నడిచే ఓయూ గురించి. ఓయూ అంటే మన ఉస్మానియా కాదు, ఓవర్‌యూజ్డ్. అంటే ఎక్కువమంది వాడే పోకెమాన్ల శ్రేణి. షోడౌన్ ఫ్రీ, ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, గ్రాఫిక్స్ దాదాపు లేనట్టే. నేను రోజూ ఆఫీస్ క్యాబ్‌లో మూడేళ్ల పాత మిడ్‌రేంజ్ ఫోన్‌లో ఆడతాను, ఏ ఇబ్బందీ లేదు. స్విచ్ కన్సోల్ కొనలేని వాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు.

నంబర్లు చెప్పేది సగమే

టాక్సాపెక్స్ 2016లో సన్ అండ్ మూన్ గేమ్స్‌తో వచ్చింది. కార్టూన్ చూసినవాళ్లకు టీమ్ రాకెట్ జేమ్స్‌ని ప్రేమతో కౌగిలించుకుని విషం ఎక్కించే మారియానీ గుర్తుండే ఉంటుంది. దాని పెద్ద రూపమే ఇది. బేస్ డిఫెన్స్ 152, స్పెషల్ డిఫెన్స్ 142. రెండు వైపులా ఇంత గట్టిగా ఉండేవి చాలా తక్కువ. పాయిజన్, వాటర్ టైప్స్ కలవడం వల్ల ఫైర్, వాటర్, ఐస్, స్టీల్, ఫైటింగ్, పాయిజన్, బగ్, ఫెయిరీ అనే ఎనిమిది రకాల దెబ్బలు దీనికి సగమే తగులుతాయి. గ్రౌండ్, ఎలక్ట్రిక్, సైకిక్ అనే మూడు మాత్రం డబుల్ తగులుతాయి.

ఇక్కడివరకు అందరూ చూస్తారు. చూడనిది బేస్ హెచ్‌పీ. అది 50 మాత్రమే. లెవెల్ 100లో ఈవీలన్నీ హెచ్‌పీకి పోసినా 304 దాటదు. అంటే ట్యాంక్ గోడలు మందం, కానీ ట్యాంక్ చిన్నది. బలహీనమైన టైప్ దెబ్బలు రెండు పడితే ఆట అయిపోయినట్టే. పైగా స్పీడ్ 35. అవతలివాడు ముందు కొడతాడు, మనం తర్వాత తేరుకోవాలి. అలాంటి దాన్ని ఒకేచోట నిలబెట్టి "కొట్టుకో" అంటే వాడు నిజంగానే కొడతాడు.

అసలు ఆయుధం రీజనరేటర్

దీని హిడెన్ ఎబిలిటీ రీజనరేటర్. ఫీల్డ్ నుంచి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ మొత్తం హెచ్‌పీలో మూడో వంతు తిరిగొస్తుంది. 304లో 101. రికవర్ మూవ్ వాడితే సగం, అంటే 152 వస్తుంది. పైకి రికవరే ఎక్కువ అనిపిస్తుంది. కానీ రికవర్ నొక్కిన టర్న్‌లో మనం ఇంకేమీ చేయలేం, అవతలివాడు మాత్రం తన పని చేసుకుంటాడు. స్విచ్ అలా కాదు. ఎలాగూ ఆ దెబ్బకి సరిపోయే ఇంకో పోకెమాన్‌ని దించాల్సిన టర్న్ అది. ఆ పనితోపాటు 101 హెచ్‌పీ ఉచితంగా వస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. అవతల స్టెల్త్ రాక్ పరిచి ఉంటే టాక్సాపెక్స్ మళ్లీ దిగినప్పుడు ఎనిమిదో వంతు, అంటే 38 పోతుంది. వచ్చింది 101, పోయింది 38, మిగిలింది 63. 2019లో స్వోర్డ్ అండ్ షీల్డ్‌తో వచ్చిన హెవీ డ్యూటీ బూట్స్ పెడితే ఆ 38 కూడా పోదు. అందుకే నేను దీనికి బ్లాక్ స్లడ్జ్ కంటే బూట్స్‌కే ఓటేస్తాను. స్లడ్జ్ టర్న్‌కి 19 ఇస్తుంది, కానీ అది ఫీల్డ్‌లో ఉన్నవాడికి ఇచ్చే జీతం. మన వాడు ఎక్కువసేపు బయటే ఉండాలి కదా!

రికవర్ కోత: అరిచినంత నష్టం లేదు

2022లో స్కార్లెట్ అండ్ వయొలెట్ వచ్చినప్పుడు రికవర్, రూస్ట్ లాంటి మూవ్స్ పీపీని 10 నుంచి 5కి తగ్గించారు. పూర్తిగా పెంచుకున్నా 16 బదులు 8 సార్లే. "ఇక వాల్స్ పని అయిపోయింది" అని డిఫెన్సివ్ ప్లేయర్లు గోల చేశారు. నేను ఈ కోతను సమర్థిస్తాను.

కారణం సింపుల్. ఎనిమిది రికవర్లంటే 1216 హెచ్‌పీ, అంటే నాలుగు ఫుల్ ట్యాంకులు. రీజనరేటర్‌ని సరిగ్గా వాడేవాడికి ఒక మ్యాచ్‌కి ఇది చాలావరకు సరిపోతుంది. సరిపోనిది కూర్చుని బటన్ నొక్కేవాడికి. ఇంతకుముందు ఆలోచించకపోయినా నడిచేది, ఇప్పుడు ప్రతి రికవర్‌నీ నెలాఖరు జేబు డబ్బులా లెక్కపెట్టుకుని వాడాలి. చూసేవాళ్లకూ, ఆడేవాళ్లకూ దీనివల్ల ఆట బాగుపడింది.

భయం లేని గోడ

నిజంగా దెబ్బ తగిలింది ఇంకోచోట. అదే గేమ్‌లో టాక్సాపెక్స్ స్కాల్డ్ కోల్పోయింది. 80 పవర్ ఉన్న వాటర్ మూవ్, 30 శాతం సార్లు బర్న్. బర్న్ అయినవాడి ఫిజికల్ దెబ్బ సగానికి పడిపోతుంది. ఆ 30 శాతం భయం వల్లే కత్తి లాంటి ఫిజికల్ అటాకర్లు కూడా దీని ముందుకి దిగడానికి ఆలోచించేవాళ్లు.

ఇప్పుడు ఆ భయం తగ్గింది. మిగిలినవి టాక్సిక్, టాక్సిక్ స్పైక్స్, ఎదుటివాడు పెంచుకున్న స్టాట్స్ మొత్తం చెరిపేసే హేజ్. ఇవి బాగానే పనిచేస్తాయి, కానీ అందరిమీదా కాదు. గోల్డెంగోని తీసుకోండి. స్టీల్ టైప్ కాబట్టి విషం ఎక్కదు. గుడ్ యాజ్ గోల్డ్ ఎబిలిటీ వల్ల తనమీద వేసే స్టేటస్ మూవ్స్ కూడా పనిచేయవు. అది ఎదురుగా ఉన్నప్పుడు మీరు టాక్సాపెక్స్‌ని నిలబెడితే, దానికి నాస్టీ ప్లాట్ వేసుకోవడానికి ఒక టర్న్ బహుమతిగా ఇచ్చినట్టే. అందుకే నేనంటాను, గోడకి ఎత్తు ఎంత అన్నది రెండో ప్రశ్న. దాన్ని చూసి అవతలివాడు దేనికి భయపడతాడు అన్నదే మొదటి ప్రశ్న.

ఒంటరిగా పెడితే కూలుతుంది

వెళ్లిపోవడమే బలం అయితే, వెళ్లినప్పుడు లోపలికి ఎవరు వస్తారన్నది ముఖ్యం. నాకు బాగా నచ్చిన జట్టు టాక్సాపెక్స్, కార్వినైట్, టింగ్‌లూ.

టాక్సాపెక్స్ బలహీనతల్లో గ్రౌండ్ దెబ్బ ఎగిరే కార్వినైట్‌కి అసలు తగలదు. ఎలక్ట్రిక్, సైకిక్ రెండూ డార్క్, గ్రౌండ్ టైప్ అయిన టింగ్‌లూకి తగలవు. కార్వినైట్‌కి ఫైర్, ఎలక్ట్రిక్ భయం. ఫైర్‌ని టాక్సాపెక్స్, ఎలక్ట్రిక్‌ని టింగ్‌లూ చూసుకుంటాయి. టింగ్‌లూకి ఫైటింగ్, బగ్, ఫెయిరీ, వాటర్, ఐస్, గ్రాస్ అని ఆరు బలహీనతలు. మొదటి ఐదు టాక్సాపెక్స్‌కి సగమే తగులుతాయి, గ్రాస్‌ని కార్వినైట్ కాస్తుంది. ఒకదాని లోటు ఇంకొకటి తీర్చే ఇలాంటి త్రయం దొరకడం అరుదు.

ఇది వింటే చాలా ఈజీ అనిపిస్తుంది, కానీ కాదు. ఎదురుగా గ్రేట్ టస్క్ ఉందనుకోండి. అది క్లోజ్ కంబాట్ వేస్తే టాక్సాపెక్స్ నవ్వుతూ కాస్తుంది, హెడ్‌లాంగ్ రష్ వేస్తే కూలిపోతుంది. నిలబడాలా, కార్వినైట్‌ని దించాలా అన్నది ప్రతి టర్న్ పరీక్షే. తెలివైనవాళ్లు గలార్ స్లోకింగ్‌తో ఫ్యూచర్ సైట్ వేసి వెళ్తారు. రెండు టర్న్‌ల తర్వాత పడే ఆ సైకిక్ దెబ్బ, ఫైటింగ్ మూవ్ ఒకేసారి వచ్చేలా ప్లాన్ చేస్తారు. అప్పుడు టాక్సాపెక్స్ దిగాల్సిన టర్న్‌లోనే దిగలేదు. దీనికి తోడు టెరాస్టల్ ఉంది. ఎదుటివాడు ఒక్క బటన్‌తో టైప్ మార్చేస్తే మన లెక్కలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. "స్టాల్ ఆడేవాళ్లకి బుర్ర అక్కర్లేదు" అనేవాళ్లు ఒక్కసారి ఈ కుర్చీలో కూర్చుని చూడాలి.

ఇక్కడ డ్రా లేదు

2021 జనవరిలో సిడ్నీ టెస్ట్ గుర్తుందా? మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి కండరం పట్టేసిన కాలితో 161 బంతులాడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి మ్యాచ్ డ్రా చేశాడు. ఆ రోజు నిలబడటమే గెలుపు. పోకెమాన్‌లో ఆ సదుపాయం లేదు. చివరికి ఎవరో ఒకరు ఓడాల్సిందే.

కాబట్టి గోడ వెనక ఒక గెలిచే దారి ఉండి తీరాలి. నేను చెప్పిన టీమ్‌లో ఆ దారి ఇదీ: టింగ్‌లూ స్టెల్త్ రాక్, స్పైక్స్ పరుస్తుంది. టాక్సాపెక్స్ విషం ఎక్కిస్తుంది. తర్వాత టింగ్‌లూ వర్ల్‌విండ్‌తో ఒక్కొక్కరినీ బయటికి లాగి ఆ రాళ్లమీద, ముళ్లమీద నడిపిస్తుంది. ప్రతి స్విచ్‌కీ అవతలివాడికి కొంచెం పోతుంది, మనకి కొంచెం వస్తుంది. పదిహేను టర్న్‌ల తర్వాత ఆ కొంచెం కొంచెమే మ్యాచ్ తేల్చేస్తుంది. ఈ దారి లేకుండా ఊరికే కాచుకుంటూ కూర్చుంటే, మీరు ఓటమిని వాయిదా వేస్తున్నారంతే.

ఎవరికి పనికొస్తుంది?

అధికారిక టోర్నమెంట్లు ఆడే డబుల్స్‌కి మాత్రం దీన్ని తీసుకెళ్లొద్దు. అక్కడ ఆరుగురిలో నలుగురే ఆడతారు, ఇద్దరు ఒకేసారి కొడతారు, ఆట త్వరగా ముగుస్తుంది. తప్పుకుని మళ్లీ వచ్చే తీరిక దొరకదు. ఐదు నిమిషాల్లో మ్యాచ్ అయిపోవాలనుకునే వాళ్లకి కూడా ఇది నచ్చదు.

కానీ సింగిల్స్ నేర్చుకుంటున్నవాళ్లకి ఇంతకంటే మంచి గురువు లేదని నా గట్టి నమ్మకం. అటాకర్‌తో ఆడితే మన మూవ్స్ గురించే ఆలోచిస్తాం. టాక్సాపెక్స్‌తో ఆడితే ఎదుటివాడి బుర్రలో ఏముందో చదవక తప్పదు. స్విచ్‌తోపాటు ఫోన్లకీ అంటూ 2025 ఫిబ్రవరిలో పోకెమాన్ ఛాంపియన్స్‌ని ప్రకటించారు. కన్సోల్ లేని మనలాంటి వాళ్లకి ఇలా దారులు తెరుచుకుంటున్నప్పుడు ఈ అలవాటు ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

ఈ వారాంతం ఒక పని చేయండి. షోడౌన్‌లో టాక్సాపెక్స్‌తో పది మ్యాచ్‌లు ఆడి, ప్రతి రీప్లేలో రెండు లెక్కలు రాసుకోండి: రికవర్ ఎన్నిసార్లు నొక్కారు, స్విచ్ ఎన్నిసార్లు చేశారు. మొదటి అంకె పెద్దదైతే మీరింకా గోడ కడుతున్నట్టే. రెండోది పెద్దదైతే ఆట పట్టుబడుతున్నట్టు.