లైంగిక ఆరోగ్య పాఠం: ఆట ఎంతవరకు నేర్పగలదు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల వారిలో హెచ్‌ఐవీపై సమగ్ర అవగాహన ఉన్నది 22 శాతం స్త్రీలకు, 31 శాతం పురుషులకు మాత్రమే. 2005లో కేంద్రం తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో పలు రాష్ట్రాలు ఆపేశాయి. పాఠం పుస్తకంలో ఉన్నచోట కూడా పునరుత్పత్తి అధ్యాయాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేసే తరగతులు మనకు తెలియనివి కావు. ఈ ఖాళీని వీడియో గేమ్ కొంతవరకు పూడ్చగలదని నా అభిప్రాయం.

కారణాలు రెండు. ఒకటి, గోప్యత. నలుగురి ముందు అడగలేని సందేహం ఆటలో తీరుతుంది. రెండు, సాధన. ఒత్తిడి చేసేవారికి 'వద్దు' అని చెప్పడం చదివితే వచ్చేది కాదు. ఆటలో నిర్ణయం తీసుకుని, ఫలితం చూసి, మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ ఆలోచన మనకు కొత్త కాదు. ఢిల్లీకి చెందిన జడ్‌ఎంక్యూ సంస్థ 2005లోనే 'సేఫ్టీ క్రికెట్' వంటి మొబైల్ ఆటలతో ఎయిడ్స్ గురించి చెప్పింది. 2022లో వచ్చిన 'గో నిషా గో'లో ఆడే అమ్మాయే నిషా తరఫున నెలసరి, స్నేహాలు, గర్భనిరోధం, కెరీర్ వంటి విషయాల్లో నిర్ణయాలు తీసుకుంటుంది.

అయితే పరిమితులూ ఉన్నాయి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం 'ప్లేఫార్వర్డ్' అనే ఆటను 11-14 ఏళ్ల 333 మందితో పరీక్షించింది. ఆడినవారిలో అవగాహన, దృక్పథం మెరుగుపడ్డాయి. లైంగిక సంబంధాలు మొదలుపెట్టడంలో మాత్రం రెండు బృందాల మధ్య తేడా కనిపించలేదు. అంటే ఆట సమాచారం ఇస్తుంది, నడవడికను ఒక్కటే మార్చలేదు.

రెండో పరిమితి అందుబాటు. అదే సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57 శాతం, స్త్రీలు 33 శాతం. ఆట సొంత ఫోన్‌కే పరిమితమైతే అవసరం ఎక్కువున్న ఆడపిల్లకే అందదు. మూడోది నిధులు. 'గో నిషా గో'కు డబ్బిచ్చిన యూఎస్‌ఎయిడ్ 2025లో మూతపడింది. దాతల మీద ఆధారపడిన పథకం దాతతోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

"పిల్లలు చెడిపోతారు" అన్న వాదన సరే, లైంగిక విద్య విచ్చలవిడితనాన్ని పెంచుతుందనేది అపోహేనని 2024 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు పేర్కొంది.

కాబట్టి చేయాల్సినవి మూడు. ఆట తెలుగులో, ఇంటర్నెట్ లేకున్నా నడిచేలా బడి పరికరాల్లో ఉండాలి; ఆంధ్రప్రదేశ్ 2022లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది కనుక ఇది అసాధ్యం కాదు. ఆట తర్వాత శిక్షణ పొందిన టీచరో, ఏఎన్‌ఎమ్మో చర్చ నడపాలి. చివరి మెట్టులో, 2014 నుంచి ఉన్న రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే దగ్గరి క్లినిక్ వివరాలు కనిపించాలి. తెరమీద తీరని సందేహంతో పిల్లలు వెళ్లాల్సింది అక్కడికే.