ఆ ‘ఎక్స్’ ఖరీదు ఆరున్నర వేలు

మొన్న శాలిబండలో ఇరానీ చాయ్ తాగుతుంటే, మా గల్లీలో బీటెక్ ఫైనలియర్ చదివే తమ్ముడు ఆప్టిట్యూడ్ పుస్తకం ముందు పెట్టాడు. ‘‘2 పవర్ ఎక్స్ ఈక్వల్ టు 32 అంటే ఎక్స్ 5 అని తెలుసు అన్నా. టెస్టు దాటాక దీంతో ఏం పని?’’ అని అడిగాడు. అతని వయసులో నేనూ అదే అనుకున్నా. తర్వాత డబ్బు కట్టి మరీ నేర్చుకున్నా.

బీటెక్ అయ్యాక కోర్సు ఫీజు కోసం తెలిసినవాళ్ల దగ్గర 20 వేలు తెచ్చా. ఐదు రూపాయల వడ్డీ. నూటికి నెలకు 5 కాబట్టి నెలకు వెయ్యి, రెట్టింపు కావాలంటే 20 నెలలు అని నా లెక్క. ఆలోపు జాబ్ రాదా అన్న ధీమా. మధ్యలో ఒక్క రూపాయీ కట్టలేదు. 15వ నెలలో జాబ్ వచ్చాక 35 వేలు పట్టుకెళ్తే, 41,579 కట్టమన్నారు. కట్టని వడ్డీని నెలనెలా అసలులో కలిపారట. ముందే అడగకపోవడం నా తప్పు. తేడా ఆరున్నర వేలు.

ఇంతకీ అప్పు ఎప్పుడు రెట్టింపవుతుంది? 1.05 పవర్ ఎక్స్ ఈక్వల్ టు 2. ఇక్కడే మనవాళ్లు ఆగిపోతారు. ఎందుకంటే కోచింగ్‌లో మనకు ఎక్కువగా నేర్పేది ‘బేస్‌లు సమానం చెయ్’ అన్న ఒక్క ట్రిక్కే. 4 పవర్ ఎక్స్ ఈక్వల్ టు 8 అయితే రెండువైపులా 2 బేస్‌కు తెచ్చి, ఎక్స్ 1.5 అని చెప్పేస్తాం. బేస్‌లు కలవకపోతే? లాగ్ తీసుకోవాలి. పదో తరగతిలో ‘సంవర్గమానాలు’ అని చదివాం కదా, అదే. లాగ్ 2 అంటే 0.3010, లాగ్ 1.05 అంటే 0.0212. భాగిస్తే 14.2 నెలలు. నేను అనుకున్న 20 కాదు. కాలిక్యులేటర్ లేకపోతే 72ను వడ్డీ శాతంతో భాగించండి. 72 బై 5, అంటే 14.4. అంచనాకు చాలు.

ఇది నా ఒక్కడి కథ కాదు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఎందరినో అరెస్టు చేశారు. ‘రోజుకు 1 శాతమే’ అంటే చిన్నగా వినిపిస్తుంది. కానీ రోజూ అసలులో కలిస్తే 70 రోజుల్లో అప్పు రెట్టింపు, ఏడాదికి దాదాపు 38 రెట్లు! అప్పిచ్చే ముందే మొత్తం వార్షిక రేటు చెప్పాలని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం అడగండి, చదవండి. లెక్క మాత్రం మీరే వేసుకోండి.

ఇక ఇంటర్వ్యూ సంగతి. వరుసలో పెట్టిన 10 లక్షల పేర్లలో ఒక పేరు వెతకడానికి బైనరీ సెర్చ్‌కు గరిష్ఠంగా ఎన్ని పోలికలు కావాలి? ప్రతిసారీ సగం పోతుంది. 2 పవర్ ఎన్ని అయితే 10 లక్షలు దాటుతుంది? 20. ఇదీ అదే సమీకరణం, వేషం వేరు. ‘లాగ్ ఎన్’ అని బట్టీ పట్టినవాడు ‘ఎందుకు?’ అనగానే తడబడతాడు. ఈ లెక్క తెలిసినవాడు పేపర్ మీద వేసి చూపిస్తాడు.

నా అభిప్రాయం ఒక్కటే: షార్ట్‌కట్‌లు వద్దనను. టెస్టులో టైమ్ ముఖ్యమే. కానీ ట్రిక్కు ఎక్కడ పనిచేయదో తెలియనివాడికి ట్రిక్కు వచ్చినట్టు కాదు. ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో ఉన్న అప్పో, చిట్టీ కోసం తెచ్చిన వడ్డీ డబ్బో తీసుకుని, అది ఎన్ని నెలల్లో రెట్టింపవుతుందో లాగ్‌తో లెక్క కట్టి అమ్మానాన్నలకు చూపించండి. ఆ తమ్ముడు చాయ్ చల్లారేలోపు తన స్టడీ లోన్ లెక్క వేశాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘‘ఇంకో పేపర్ ఉందా అన్నా?’’ అన్నాడు.