ఆ పేపరు గైడుతో గట్టెక్కితే చాలా?

ఆ మధ్య మా అక్క కూతురు సెమిస్టరు పరీక్షలకు చదువుకుంటానని వచ్చి మా ఇంట్లో పదిరోజులుంది. లా చదువుతోంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుని, చిన్నప్పుడు మనం ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒకటే వల్లె వేసేది. ‘చట్టమంటే సార్వభౌముడి ఆజ్ఞ, మీరితే శిక్ష’ అని. 1832లో జాన్ ఆస్టిన్ అనే ఇంగ్లిషాయన చెప్పిన సిద్ధాంతమట.

కూర తరుగుతున్న నేను నవ్వాపుకోలేక, ‘‘ఈ సంగతి మా అత్తగారికి ఎవరూ చెప్పకుండానే తెలుసే’’ అన్నాను.

‘‘నీకు నవ్వులాటగా ఉంది పిన్నీ! జ్యూరిస్‌ప్రుడెన్స్ అంత బోరు పేపరు ఇంకోటి లేదు. రేపు కోర్టులో పనికొచ్చేదా, పాడా? గైడులో పది ప్రశ్నలు ముక్కున పట్టి పరీక్షలో చీదేస్తే సరి’’ అంది.

అది మధ్యాహ్నం నిద్రపోతే నేను ఆ పుస్తకం తీశాను. నాది ఎప్పటి బి.ఏ.నో. ఇంగ్లిషు కూడబలుక్కుంటూ చదివాను. చదువుతుంటే అర్థమైంది, ఇందులో ఉన్నవన్నీ మన ఇళ్లలో రోజూ నలిగే ప్రశ్నలేనని. చట్టం ఎందుకు? ఎవరి మాట ఎందుకు వినాలి? విన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టేనా?

ఆస్టిన్ మాటను 1961లో హార్ట్ అనే ప్రొఫెసరు నిలదీశాడు. దొంగ తుపాకీ చూపించి పర్సు ఇమ్మంటే ఇచ్చేస్తాం. తప్పక ఇచ్చాం గానీ, ఇవ్వడం మన బాధ్యత అనుకుని కాదు. చట్టం కూడా ఆ తుపాకీ లాంటిదేనా అని ఆయన ప్రశ్న. పదిహేడేళ్ల కాపురంలో బాధ్యత అనుకుని చేసినవేవి, తప్పక చేసినవేవి అని ఆ రాత్రి నేనూ లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఇక్కడ రాయను లెండి.

ఇది పనికిరాని పాండిత్యం అనుకునేవాళ్లు మథుర కేసు గుర్తుచేసుకోవాలి. 1972లో మహారాష్ట్రలో ఒక పోలీస్‌స్టేషన్లో ఆ గిరిజన బాలికపై అత్యాచారం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. ఒంటి మీద దెబ్బల్లేవు కాబట్టి ఆమె ఇష్టపడిందన్నట్టు మాట్లాడింది. దానిపై ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని. తరగతి గదిలో చెప్పే తేడాయే అది! దేశమంతా ఆడవాళ్లు వీధుల్లోకొచ్చారు. 1983లో చట్టం మారింది.

ఇంకో అధ్యాయం పేరు ‘వ్యక్తి’. చట్టం దృష్టిలో కంపెనీ వ్యక్తే. గుళ్లో విగ్రహానికి కూడా ఆ హోదా ఉందని 1925లో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. మరి లా పట్టా చేతబట్టుకుని, వకీలుగా పేరు నమోదు చేయండని కలకత్తా హైకోర్టుకెళ్లిన రెజీనా గుహకు 1916లో దొరికిన జవాబేమిటి? ఆ చట్టంలో ‘వ్యక్తి’ అన్న మాటలోకి స్త్రీ రాదని! ఆడవాళ్లకు ఆ తలుపు తెరుచుకోవడానికి 1923లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సొచ్చింది.

నన్ను బాగా కదిలించింది మాత్రం సరిత కేసు. హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 9 ఉంది. సరైన కారణం లేకుండా వేరుగా ఉంటున్న భార్యనో భర్తనో కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించొచ్చు. సినీనటి సరిత మీద ఆమె భర్త ఈ సెక్షన్ కిందే కోర్టుకెళ్లారు. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఏ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఇష్టంలేని స్త్రీని కాపురానికి పంపడమంటే, బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఆమె చేతిలోంచి లాగేసుకోవడమేనన్నారు. చట్టం ఇద్దరికీ ఒకేలా కనబడినా, దెబ్బ ఎవరి మీద పడుతుందో చూడమన్నారు. ఆ ఏడే ఢిల్లీ హైకోర్టు దానికి పూర్తిగా ఎదురుమాట చెప్పింది. సంసారంలోకి రాజ్యాంగాన్ని తేవడం పింగాణీ కొట్లోకి ఎద్దును తోలడమేనంది. 1984లో సుప్రీంకోర్టు కూడా ఢిల్లీ వైపే మొగ్గింది. ఆ సెక్షన్ వివాహాన్ని నిలబెట్టడానికేనని తేల్చింది. విచిత్రమేమిటంటే, ఈ పద్ధతిని మనకు అంటించిన ఇంగ్లండువాళ్లు 1970లోనే దాన్ని వదిలించుకున్నారు.

ఇదంతా పాత కథ కాదు. నిరుడు మా బంధువుల అమ్మాయికి ఇలాంటి లాయరు నోటీసే వచ్చింది. దెబ్బలు తట్టుకోలేక పుట్టింటికొచ్చిన పిల్ల. పెద్దమనుషులు కాగితం చూసి, ‘‘కోర్టు దాకా పోతే పరువేం కాను? వెళ్లిపోమ్మా’’ అన్నారు. డిక్రీ వచ్చినా చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్లరనీ, మహా అయితే ఆస్తి జప్తు చేస్తారనీ, ఆ దెబ్బలే తన తరఫున ‘సరైన కారణం’ అవుతాయనీ ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. అది వెళ్లిపోయింది. చెప్పడానికి నాకూ తెలీదు అప్పటికి.

మావారు ఒప్పుకోరు. ‘‘ముందు దావా కాగితం రాయడం నేర్చుకోమను. సిద్ధాంతాలు కూడు పెడతాయా?’’ అంటారు. నిజమే, జూనియర్ల పాట్లు తెలియనివి కావు. కానీ ఆ నోటీసు రాసిన లాయరుకి కాగితం రాయడం బాగానే వచ్చు కదా!

మా పిల్ల నోట్సంతా తిరగేశాను. ఆస్టిన్, సామండ్, కెల్సెన్ అందరూ ఉన్నారు. సరిత లేదు, రెజీనా గుహ లేదు. నిర్వచించండి, వివరించండి, తేడాలు రాయండి. అంతే. ‘నువ్వే జడ్జివైతే ఏమంటావు’ అని అడిగే ప్రశ్న ఒక్కటి లేదు. అలా చెబితే పాపం పిల్లలకు బోరు కొట్టక ఏం చేస్తుంది? 2019లో గుజరాత్‌లో లా చదివే విద్యార్థులే ఈ సెక్షన్ 9ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకెళ్లారు. వాళ్లూ పరీక్షలు రాసే పిల్లలే మరి.

వెళ్లే ముందు రోజు రాత్రి దాన్ని కూర్చోబెట్టి సరిత కథ చెప్పాను. నిద్రకళ్లతోనే విని, ‘‘ఇది మాకెందుకు చెప్పలేదు?’’ అంది.

పరీక్షయ్యాక ఫోన్ చేసింది. ‘‘ఆస్టినే వచ్చాడు పిన్నీ, పదిహేను మార్కులకి. చివర్లో సరిత కేసు కూడా రాశాను. దిద్దేవాళ్లు మార్కులేస్తారో, సిలబస్‌లో లేదని కొట్టేస్తారో!’’