తొలిపాట – మరచిన మాట

గోదావరిఖని బొగ్గుగనుల సీమనుండి వచ్చిన మధుప్రియ బాల్యముననే పాడిన ‘ఆడపిల్లనమ్మా’ పాట కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో ఇంటింటికి తెలిసినది. అది వినుచు పెరిగిన బాలికలు నేడు యువతులైనారు. 2017లో ‘ఫిదా’ చిత్రమున ‘వచ్చిండే’ పాడి ఆ గాయని మరింత పేరుగాంచినను, తొలిపాటపై మనవారి మమకారము వేరు.

అయితే మధురస్మృతికి ఒక దోషము కలదు. అది రాగమును నిలుపుకొని అర్థమును జారవిడుచును. ఆడుబిడ్డ కలిగినదని దిగులుపడు తల్లిని ఆ బిడ్డయే ఓదార్చు పాట అది. ఆ దిగులు నేటికిని తీరలేదు. గర్భస్థశిశువు లింగనిర్ధారణను నిషేధించు చట్టము 1994లోనే వచ్చినది. అయినను 2001 జనగణనలో, దేశమున ఆరేండ్ల వరకు గల బాలురు వేయిమందికి బాలికలు 927 మందియే. 2011 నాటికి ఆ సంఖ్య ఇంకను తగ్గినది.

కావున ఉపాధ్యాయులు ఈ పాటను వార్షికోత్సవ వేదికపై పాడించి తృప్తిపడరాదు. తరగతిలో వినిపించి, ‘మీ యింట అక్కకును తమ్మునికిని చదువు సమానమేనా?’ అని విద్యార్థుల నడుగవలెను. బాలురు సైతము సంకోచింపక బదులు చెప్పగలిగిననాడే ఆ పసిగొంతును మనము ఆలకించినట్లు.